పొలం గట్టు ప్రశ్నలు, జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈ విడత వచ్చిన ఉత్తరాలలో ఎరువుల మోతాదులు, మందుల పేర్లు అడిగినవి తక్కువ. చేను మీద, చెట్టు మీద, గెత్తం (పశువుల ఎరువు) కుప్పలో కంటబడిన వాటిని గురించి అడిగినవి ఎక్కువ. మోతాదుల సంగతి ఊళ్ళోని రైతు సేవా కేంద్రంలోనూ తెలుసుకోవచ్చు కనుక, ఈసారి స్థలమంతా రెండో రకం ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా చిన్నతనంలో తొలకరి పడగానే మెట్టచేల మీద ఎర్రగా, మెత్తగా ఉండే ఆరుద్ర పురుగులు గుంపులుగా కనిపించేవి. అగ్గిపెట్టెల్లో దాచుకొని ఆడుకొనేవాళ్ళం. ఇప్పుడు ఒకటీ అరా తప్ప కనబడడం లేదు. అవి ఎక్కడి నుంచి వస్తాయి? ఏమైపోయాయి?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: పేరులో పురుగు ఉన్నా, కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది ఉంటాయమ్మా. అంటే అది సాలీడుకూ, మిరప ఆకును కిందికి ముడుచుకుపోయేలా చేసే నల్లికీ చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం నేల లోపలే గడిపి, తొలకరి తడి మట్టిలోకి దిగగానే తిండి కోసం, జత కోసం కొద్ది రోజులపాటు పైకి వస్తుంది. అదే వానకు పుట్టల్లోంచి ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదలు, కూడా లేస్తాయి. రెక్కలు రాలి నేల మీద పాకే ఆ ఉసిళ్ళు దీనికి ఇష్టమైన ఆహారం. ఇతర పురుగుల గుడ్లను కూడా తింటుంది. దీని పిల్లలు మిడతల వంటి వాటి ఒంటిని పట్టుకొని రసం పీలుస్తాయి. చెదలూ మిడతలూ తగ్గడం మనకు మేలే గనుక దీన్ని పంటకు మిత్రుల జాబితాలోనే వేయాలి. ఒంటి మీది ఆ ఎరుపు, తాను తినడానికి పనికిరానని పక్షులకు చేసే హెచ్చరిక.

గుల్లగా ఉండి, ఏడాది పొడవునా పెద్దగా కదలిక లేని ఇసుక నేల దీనికి కావాలి. గంటెలు (సజ్జలు), చోళ్ళు (రాగులు), గోగు, ఉలవ వేసి, పంట లేని నెలల్లో పశువులకు వదిలేసిన మెట్టలు దీనికి పుట్టిళ్ళు. ఆ మెట్టలలో చాలా భాగం ఇప్పుడు మొక్కజొన్న కిందికీ, సరుగుడు, నీలగిరి తోటల కిందికీ వెళ్ళింది. రోటావేటరుతో నేలను పిండి చేసి, విత్తనం వెంటనే కలుపు మందు కొట్టే చోట నేలలో బతికే చిన్న జీవికి నిలువ నీడ ఉండదు. మీ మనవలకు చూపించాలనుకుంటే చెరువు గట్టు వెనుక బంజరులోనో, దున్నని పాత మామిడి తోటలోనో, మొదటి మంచి వాన పడిన మర్నాటి ఉదయం ఎండ ముదరక ముందు వెతకండి. అగ్గిపెట్టెలు మాత్రం ఈసారికి ఇంట్లోనే ఉంచండి.

ప్రశ్న: మా మావగారు కార్తెను చూసి ఆకుమడి పోయిస్తారు. మా అబ్బాయి ఫోనులో వాతావరణం చూసి, కార్తెలకు కాలం చెల్లిందంటాడు. ఏటా జూన్ నెలంతా ఇంట్లో ఇదే వాదన. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, గంట్యాడ

జవాబు: ఇద్దరి మాటా వినవచ్చు. ఈ వారంలో వాన పడుతుందా లేదా అన్నది ఫోను చెప్పగలదు. కార్తె చెప్పలేదు, చెప్పాలని కూడా మన పూర్వులు దాన్ని ఏర్పాటు చేయలేదు. ఏ పక్షంలో పని మొదలుపెడితే కోత ఏ పక్షానికి వస్తుందో చూసుకొనే లెక్క కార్తె.

మన పండుగలు చాలావరకు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఇంగ్లీషు తేదీలలో ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. కార్తె మాత్రం సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న దాన్ని బట్టి ఏర్పడుతుంది. ఏడాదిని 27 నక్షత్రాలకు పంచితే ఒక్కో కార్తెకు 13 లేక 14 రోజులు వస్తాయి. అందువల్ల రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో వస్తాయి. ఒక రోజు అటూ ఇటూ తప్ప ఏటా తేడా ఉండదు. నైరుతి రుతుపవనాలు మన జిల్లాలకు జూన్ రెండో వారం నాటికి చేరడం మామూలు. మృగశిరలో దుక్కి, ఆరుద్రలో విత్తు అన్న వరుస దానికి చక్కగా కుదురుతుంది.

అయితే ఇందులో మీ అబ్బాయి ఇంకా పట్టుకోని చిక్కు ఒకటి ఉంది. నక్షత్రాలను బట్టి లెక్కించే ఏడాది, ఎండావానలను నడిపించే ఏడాది కంటే ఇంచుమించు 20 నిమిషాలు పెద్దది. ఆ నిమిషాలు కూడుకొని సుమారు 71 ఏళ్ళకు ఒక రోజు అవుతాయి. వెయ్యేళ్ళకు 14 రోజులు, అంటే ఒక కార్తె. ఏదైనా సామెత నిజంగా వెయ్యేళ్ళ నాటిదైతే, అందులో ఆరుద్ర అని ఉన్న చోట నేటి ఋతువును బట్టి మృగశిర అని చదువుకోవాలి. మీ మావగారి తాతగారి నాటి మాటైతే తేడా ఒకటి రెండు రోజులే. దానికి ఇంట్లో వాదన అక్కరలేదు.

నాకు కార్తెల లెక్కలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది విత్తడం గురించి చెప్పిన భాగం కాదు, కోత ముందరి భాగం. చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుండా ఉంటే అనూరాధలో అడిగినంత పండుతానని వరి అన్నదట. చిత్త కార్తె అక్టోబర్ 10, 11 తేదీల ప్రాంతంలో మొదలవుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు కొబ్బరి తోటలను కుదిపిన ఫైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12న తీరం దాటింది. హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది 2014 అక్టోబర్ 12న. పలాస పరిసరాలను ఊడ్చేసి వంశధారకు వరద తెచ్చిన తిత్లీ 2018 అక్టోబర్ 11న. మూడూ చిత్త ఆరంభంలో వచ్చినవే. కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ మాత్రం 2021 సెప్టెంబర్ 26న, హస్త కార్తె గుమ్మంలో వచ్చింది. చిత్త దయ తలిస్తే, విశాఖ గాలి విసరకపోతే అన్న షరతులు ఈ తీరంలో బతికిన వాళ్ళు పెట్టినవేనని ఈ తేదీలను చూస్తే నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ తేదీలను మీ మడి మీద పెట్టి చూడండి. జూన్ 22న ఆకుమడి పోశారనుకుందాం. 120 రోజుల ఎంటీయూ 1010 రకం వరి అక్టోబర్ 20 నాటికి, 150 రోజుల స్వర్ణ రకం నవంబర్ 19 నాటికి కోతకు రావాలి. వరి ఈనిన తరువాత గింజ ముదరడానికి ఇంచుమించు 30 రోజులు పడుతుంది. కాబట్టి అక్టోబర్ 12 నాటికి మొదటిది వెన్ను బరువుకు వంగి ఉంటుంది; గాలికి పడిపోయి నీళ్ళలో నానితే గింజ వెన్ను మీదే మొలకెత్తుతుంది. రెండోది పొట్ట చివరనో, ఈనడం మొదలుపెట్టే దశలోనో ఉంటుంది; అది అంత సులువుగా పడిపోదు గాని, పూత సమయంలో హోరుగాలి, ఎడతెగని వాన తగిలితే తాలు పెరుగుతుంది. గండం లేని రకమేదీ ఇందులో లేదు. అందుకే ఉన్న రెండు మూడు ఎకరాలనూ ఒకే రకంతో నింపకుండా, మెరక మడిలో స్వల్పకాలిక రకం, చెరువు కింది పల్లపు మడిలో దీర్ఘకాలిక రకం వేసే పాత అలవాటును నేను సమర్థిస్తాను. పంట అంతా ఒకే రోజున ఒకే దశలో గాలికి ఎదురుగా నిలబడకుండా ఉంటుంది.

ఫోను అవసరం అక్టోబర్‌లోనే ఎక్కువ. తుపాను వార్త కొన్ని రోజుల ముందే తెలుస్తోంది. ఆ వ్యవధిలో కోసి ఆరిన పనలను కుప్ప వేయవచ్చు, కోయని మడికి గట్టు తెగగొట్టి నీరు బయటికి పోయే దారి చేయవచ్చు. వాన వెలిశాక పనలు తడిసిపోయి ఉంటే, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణాన్ని వాటి మీద చల్లితే మొలక కొంతవరకు ఆగుతుంది. విత్తే వేళ మావగారి లెక్క, కోసే వేళ అబ్బాయి లెక్క అని పంచుకుంటే మీ ఇంట్లో జూన్ నెల కాస్త ప్రశాంతంగా గడుస్తుందని ఆశ.

ప్రశ్న: కార్తీకంలో పొద్దున్నే చేనికి వెళ్తే వరి కొసలన్నిటి మీదా సాలెగూళ్ళు తెల్లగా కప్పేసి ఉంటున్నాయి. పక్క మడి రైతు ఇది ఏదో తెగులని చెప్పి, తానూ మందు కొట్టి, నన్నూ కొట్టమంటున్నాడు. కొట్టాలా?
– ఒక కౌలు రైతు, బూర్జ

జవాబు: కొట్టకండి. ఆ గూళ్ళు రాత్రికి రాత్రి వచ్చినవి కావు. చేను గుబురుగా ఎదిగినప్పటి నుంచీ సాలీళ్ళు అక్కడ ఉన్నాయి. రాత్రిళ్ళు చలి మొదలై మంచు పడుతున్నందున ఆ తడి దారాల మీద నిలిచి ఇప్పుడు మీ కంటికి కనబడుతున్నాయి. ఎండ ఎక్కాక చూస్తే గూళ్ళు అక్కడే ఉంటాయి, మీకే కనబడవు.

సాలీడు ఆకు తినదు. గూడు కట్టేది రెక్కల పురుగులను పట్టుకుంటుంది; గూడు కట్టకుండా దుబ్బు మొదట్లో నీటి మట్టం దగ్గర తిరిగే తోడేలు సాలీడు సుడిదోమ పిల్లలను వేటాడుతుంది. మన వరికి ఈ రోజుల్లో పెద్ద శత్రువు సుడిదోమే. దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీల్చి, చేను మధ్యలో గుండ్రంగా ఎండిపోయిన మచ్చలు పెడుతుంది. చేనిలో దాన్ని అదుపులో ఉంచే బలగం సాలీళ్ళూ, దోమ గుడ్లను పీల్చే ఆకుపచ్చని మిరిడ్ నల్లులూ. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే ముందు చచ్చేది ఈ బలగమే. గుడ్లలో దాగిన దోమ మిగిలి, అడ్డు లేకుండా పెరిగి, మునుపటి కంటే ఉధృతంగా విరుచుకుపడుతుంది. మందు కొట్టిన మడిలోనే దోమ ఎక్కువైందని రైతులు వాపోవడం మీరు వినే ఉంటారు. ఆ మాటలో అబద్ధం లేదు.

చేయవలసింది దుబ్బులను విడదీసి మొదళ్ళు చూడడం. పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిన తరువాత 20 నుంచి 25 దోమలు మించితేనే మందు మాట ఎత్తాలి. అప్పుడు కూడా సుడిదోమకు పనిచేసే మందును దుబ్బు మొదలు తడిసేలా కొట్టాలి గాని ఆకుల మీద చల్లి ఊరుకోకూడదు. ముందుగా మడిలో నీరు తీసి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. వచ్చే ఏడు ఉభాలు (నాట్లు) వేసేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని ఉభాలకు వచ్చేవాళ్ళకు చెప్పండి. నేల వృథా అవుతుందని భూమి గలవారు అడ్డు చెప్పవచ్చు. బాట అంచు దుబ్బులకు గాలీ వెలుతురూ బాగా తగిలి పిలకలు ఎక్కువ వస్తాయి కనుక నష్టం పెద్దగా ఉండదని వారికి నచ్చజెప్పండి.

ప్రశ్న: మా వైపు తేలుకుంచిలో ఏటా వానల ముందు కొంగలు వచ్చి ఇళ్ళ మధ్య చెట్ల మీద గూళ్ళు పెడతాయి. అవి రాకపోతే వానలు రావని పెద్దల మాట. సైబీరియా నుంచి వస్తాయని టీవీలో చెప్పారు. నిజమేనా? వాటి వల్ల చేలకు నష్టమా, లాభమా?
– ఒక విద్యార్థి, ఇచ్ఛాపురం

జవాబు: సైబీరియా మాట ముందు పక్కన పెట్టు నాయనా. ఎవరో ఒకసారి అన్నదాన్ని ఏటా అందరూ తిరగరాస్తున్నారు. తేలుకుంచికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. ఇవి మన దేశంలోనూ, చుట్టుపక్కల దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లోనూ ఉండే పక్షులు. సైబీరియాలో వీటికి కాపురమే లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీద వాలే గూడబాతులు, రంగుకొంగలు కూడా మన ఉపఖండపు పక్షులే.

ఈసారి కొంగ ముక్కును శ్రద్ధగా చూడు. మూసినప్పుడు కూడా రెండు దవడల మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ ముక్కుతో నత్తను పట్టి, గుల్ల లోపలి మాంసాన్ని బయటికి లాగి తింటుంది. పిల్లలను పెంచడానికి వేల కొద్దీ నత్తలు కావాలి. చెరువులూ వరిమళ్ళూ నీటితో నిండిన నెలల్లోనే నత్తలు అంతగా దొరుకుతాయి కాబట్టి, పిల్లలు బయటికి వచ్చే నాటికి మళ్ళు నిండి ఉండేలా జూన్‌లో వచ్చి గూడు కట్టుకొని, నవంబర్ నాటికి వెళ్ళిపోతుంది. వాన కొంగ వెంట రాదు. కొంగా, వరీ రెండూ వాన కోసమే చూస్తాయి. పెద్దల మాటను ఆ మేరకు సరిచేసుకుంటే అందులో తప్పు లేదు.

చేలకు లాభమే. నత్తలు తగ్గుతాయి, చెట్ల కింద పడిన రెట్ట మంచి ఎరువు. వాకిళ్ళు పాడవుతాయన్నది నిజం. ఆ వాసన భరించి కూడా తరతరాలుగా ఆ పక్షుల జోలికి పోనివ్వని ఆ ఊరి వాళ్ళ ఓర్పు గొప్పది.

ప్రశ్న: మా జీడితోటలో ఆకులు కుట్టుకొని గూళ్ళు పెట్టే ఎర్రచీమలు విపరీతంగా ఉన్నాయి. పనికి వచ్చినవాళ్ళు కుడుతున్నాయని గోల పెడుతున్నారు. గూళ్ళను కాల్చేయవచ్చా?
– ఒక రైతు, వజ్రపుకొత్తూరు

జవాబు: కాల్చకండి. జీడికి కొత్త చిగురు, పూత వచ్చే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా టీ దోమ అనే నల్లి లేత కాడలను గుచ్చి రసం పీలుస్తుంది. చిగుళ్ళూ పూత గుత్తులూ నల్లబడి ఎండిపోతాయి. ఉద్దానంలో జీడి దిగుబడిని తినేసే పురుగుల్లో ఇది ముఖ్యమైనది. ఎర్రచీమలు కాపు కాసే చెట్టు మీద దానికి చోటు దొరకడం కష్టం.

ఆ గూడు కట్టే తీరు కూడా ఒకసారి చూడదగ్గది. కొన్ని చీమలు ఆకుల అంచులను దగ్గరికి లాగి పట్టుకుంటే, మరికొన్ని తమ పిల్ల పురుగులను నోట కరుచుకొని అటూ ఇటూ తిప్పుతాయి. ఆ పిల్లల నోటి నుంచి వచ్చే పట్టుదారమే ఆకులను అతుకుతుంది. నేతలో పిల్లలనే నాడెగా వాడే పనివాళ్ళు వేరే ఎక్కడా ఉండరేమో.

చీమలు పిండినల్లిని కూడా పోషిస్తాయన్న ఫిర్యాదు నిజమే గాని, టీ దోమ నష్టంతో పోలిస్తే అది చిన్నది. జీడి పిక్కలను రాలిన తరువాత నేల మీద ఏరుతాం కనుక మామిడి తోటలో లాగా కొమ్మలెక్కే పని తక్కువ. కొమ్మలు కొట్టే పని ఉంటే పెందలాడే, చీమలు చురుగ్గా తిరగక ముందే చేయించండి. దారికి అడ్డంగా కిందికి వేలాడే కొమ్మలను మాత్రం తీసేయండి.

ప్రశ్న: గిజిగాడు తాటిచెట్టుకు ఎప్పుడూ ఒక పక్కనే గూళ్ళు కడుతుంది. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, డెంకాడ

జవాబు: అది గూడు కట్టే కాలంలో మన వైపు గాలీ వానా నైరుతి నుంచి వస్తాయి. అందుకని చెట్టు చాటున, ఎక్కువగా తూర్పు పక్కన కడుతుంది. కట్టేది మగది. సగం కట్టి ఆపి, ఆడది వచ్చి నచ్చిందంటేనే మిగతా సగం పూర్తి చేస్తుంది. గూడుకు వరి ఆకుల పీలికలు చీల్చుకుపోయినా, పిల్లలకు పెట్టేది పురుగులను కనుక ఆ మేరకు చెల్లుకు చెల్లు. గింజ పాలు పోసుకొనే వేళ మాత్రం పిట్టలను తోలక తప్పదు.

ప్రశ్న: చలికాలం పొద్దున్నే మా గెత్తం కుప్ప మీద పొగ లేస్తుంది. తవ్వితే లోపల బొటనవేలంత లావు తెల్లని పురుగులు చుట్టుకొని ఉన్నాయి. అవి ఎరువును పాడు చేస్తాయా?
– ఒక రైతు, కవిటి

జవాబు: పొగ కాదు, ఆవిరి. పేడనూ గడ్డినీ కుళ్ళబెట్టే కంటికి కనబడని జీవుల పని వల్ల కుప్ప నడుమ వేడి పుడుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే కలుపు గింజలు చాలావరకు చస్తాయి. కుప్ప బాగా మాగుతోందనడానికి అదే గుర్తు.

పురుగుల సంగతే అసలు సంగతి. అవి ఉండేది వేడి తగ్గిన అంచుల్లో. ఎరువుకు వాటి వల్ల హాని లేదు, నిజానికి దాన్ని అవి పిండి చేస్తాయి. కానీ కవిటిలో, చుట్టూ కొబ్బరితోటలున్న చోట, అవి కొమ్ము పురుగు పిల్లలు అయి ఉండడానికే అవకాశం ఎక్కువ. పెరిగి రెక్కలొచ్చాక ఆ పురుగు రాత్రివేళ కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుపోతుంది. తరువాత విచ్చుకొన్న మట్టకు ఆకులు కత్తెరతో కోసినట్టు కనిపిస్తాయి. తుపాన్లకు పడి అక్కడే కుళ్ళిన కొబ్బరి దుంగలు కూడా దీనికి పురిటిగదులే. పడిన చెట్లను తోటలో వదిలేయడం వల్ల బతికిన చెట్లకు నష్టం పెరుగుతుంది.

కుప్పను రెండు మూడు నెలలకు ఒకసారి తిరగేయండి. మెటారైజియం అనే పచ్చని శిలీంధ్రపు పొడి దొరికితే నీటిలో కలిపి కుప్ప మీద చల్లండి. పిల్ల పురుగులకు అది జబ్బు తెప్పించి చంపుతుంది. లేత చెట్ల మొవ్వు దగ్గరి మట్టల మొదళ్ళలో వేపపిండి, ఇసుక సమపాళ్ళలో కలిపి పోయండి. మొవ్వులో రంధ్రం, బయట నమిలిన పీచు కనబడితే ఇనుప కొక్కెంతో లోపలి పురుగును లాగేయండి. గెత్తం చేలోకి తోలాక ఎండలో కుప్పలుగా వదిలేస్తే నత్రజని గాలిలో కలిసిపోతుంది కాబట్టి, దుక్కి చేసే రోజునే పరిచి వెంటనే కలియదున్నండి. కుప్ప తిరగేసే రోజున కోళ్ళను కట్టేయకుండా వదలండి. ఏరే పని సగం అవే చేస్తాయి.